మార్మొసెట్లలో మగవన్నీ నాలాగే ఎరుపు–పచ్చ తేడా తెలియనివట. మరి ఇది లోపం ఎలా అయింది?

ప్రశ్న: కల్లంకాడ_శీను

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు ప్రశ్న, ఓపిగ్గా చదవండి.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. నాలుగెకరాల మిరప. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మ మొదటిసారి కాయ కోతకి సాలులో నిలబెట్టింది. ఒక పక్క అక్క, ఇంకో పక్క నేను. గంట తిరిగేసరికి అక్క బుట్ట సగం నిండింది. నా బుట్టలో అడుగున నాలుగు కాయలు, అందులోనూ పచ్చికాయలూ పండుకాయలూ కలిసిపోయి ఉన్నాయి. "కళ్లు ఎక్కడ పెట్టుకున్నావురా" అని ఒక మొట్టికాయ పడింది. నిజానికి నేను ఒళ్లు దాచుకోలేదు. చెట్టు ముందు నిలబడితే అక్కకి కాయలు వాటంతటవే కనిపిస్తాయి. నేను మాత్రం ఆకులు పక్కకి తోసి, నున్నగా మెరిసేది ఏదో వెతుక్కోవాలి.

కానీ పురుగు ఏరడంలో మాత్రం ఇంట్లో నన్ను మించినవాళ్లు లేరు. మందు కొట్టాక కూడా అక్కడక్కడా పచ్చపురుగు, లద్దెపురుగు మిగిలిపోతాయి కదా. మా తాత పది పురుగులకి రూపాయి ఇచ్చేవాడు. ఆకు పచ్చ, పురుగు పచ్చ. అక్క ముక్కు ఆనించి చూసినా దొరికేది కాదు. నాకు నిలబడ్డ చోట నుంచే కనిపించేది. ఎలా అంటే చెప్పలేను, ఆకు గీత ఒకచోట తప్పుగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ రూపాయలతో ఎన్ని గోళీసోడాలు తాగానో లెక్కలేదు.

అసలు సంగతి డిగ్రీ తర్వాత తెలిసింది. ఒక ఉద్యోగానికి రాతపరీక్ష పాసై మెడికల్‌కి వెళ్లాను. చుక్కల పుస్తకం ముందు పెట్టారు. మొదటి పేజీలో 12 అని గట్టిగా చదివాను. ఆ తర్వాత పేజీలన్నీ నాకు చుక్కలే. రెండు నిమిషాల్లో బయటికి పంపేశారు. ఇప్పుడు ఎరువుల కొట్లో లెక్కలు రాస్తున్నాను, బాగానే ఉన్నాను. ఏడుపు పెట్టడానికి రాయట్లేదు.

పోయిన వారం మా పాపతో కూర్చుని టీవీలో బ్రెజిల్ అడవుల కార్యక్రమం చూస్తుంటే చెవుల దగ్గర కుచ్చులున్న చిన్న కోతుల్ని చూపించారు. మార్మొసెట్లు. అరచేతిలో పట్టేంత ఉన్నాయి. వాటిలో మగవన్నీ ఎరుపు–పచ్చ తేడా తెలియనివేననీ, ఆడవాటిలో కొన్నిటికి తెలుస్తుందనీ చెప్పి వేరే జంతువు మీదికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఒక జాతిలో మగవన్నీ అలా ఉంటే దాన్ని లోపం అంటారా? పండు తిని బతికే కోతికి పండు రంగు తెలియకపోతే బతుకెలా? బతకలేకపోతే ఈపాటికి అంతరించిపోవాలి కదా? అడవిలో ఆ చూపుతో వాటికి ఏం నష్టం, ఏమైనా లాభం కూడా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. "ప్రకృతి వింతలు అంతే బ్రో" అనేవాళ్లకి ముందే దండం.

———

జవాబు: అద్దాలకొట్టు

నేను ఆప్టోమెట్రిస్ట్‌ని. కోతుల సంగతి వేరేవాళ్లు చెప్తారు, మీ కంటి సంగతి నేను చెప్తా.

ఆ చుక్కల పుస్తకం ఇషిహారా పరీక్ష. జపాన్ డాక్టర్ షినోబు ఇషిహారా తయారుచేసినది, 1917 నుంచి వాడుకలో ఉంది. మొదటి పేజీలో 12 అందరికీ కనిపిస్తుంది. అలా కనిపించాలనే పెట్టారు, పరీక్ష ఎలా ఉంటుందో అర్థం కావడానికి. ఆ 12 చదివినందుకు మురిసిపోయి ఉంటే సారీ.

ఇంకొకటి. ఆ పుస్తకం తేడా ఉందో లేదో పడుతుంది, ఎంత ఉందో తేల్చదు. కంట్లో రంగు పట్టే శంకు కణాల్లో ఒక రకం అసలు లేనివాళ్లు వేరు. ఉండి, దాని స్పందన పక్కకి జరిగినవాళ్లు వేరు. రెండో రకంవాళ్లే ఎక్కువ. తేల్చాలంటే అనోమలోస్కోప్ అనే పరికరం కావాలి, అది అన్నిచోట్లా ఉండదు. కాబట్టి మీ చూపు ఆ కోతి చూపుతో అచ్చంగా సమానమని ఇప్పుడే రాసుకోకండి.

ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీద నడిచే వ్యవహారం. మీకు మీ అమ్మగారి నుంచి వచ్చింది, నాన్నగారికి సంబంధం లేదు. మీ అక్కకి ఆ ఎక్స్ వచ్చి ఉండటానికి సగం అవకాశం ఉంది. మీ పాపకి మాత్రం కచ్చితంగా వచ్చింది, ఎందుకంటే మీ దగ్గర ఇవ్వడానికి ఉన్నది ఆ ఒక్క ఎక్సే. పాప చూపుకి మామూలుగా ఏమీ కాదు, అమ్మ నుంచి వచ్చిన ఇంకో ఎక్స్ ఉంది కదా. రేపు ఆమెకి కొడుకు పుడితే వాడికి రావచ్చు.

రంగు అద్దాల కళ్లజోడు పెట్టుకుంటే నయమైపోతుందని ఎవరైనా అమ్మజూపితే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. కొన్ని రంగుల మధ్య తేడా పెంచి చూపిస్తాయి, లేని శంకువుని తెచ్చి పెట్టవు.

———

జవాబు: విత్తనాల_టీచర్

శీను గారూ, మీ పచ్చపురుగుల మాట దగ్గర చదవడం ఆపి, మళ్లీ మొదటి నుంచి చదివాను. ఎందుకో చివర్లో చెప్తా. నేను జువాలజీ మనిషిని కాదు. బోటనీ, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. కానీ చదువుకునే రోజుల్లో నాలుగు నెలలు కోస్టారికాలో కోతుల పెంటలో విత్తనాలు లెక్కపెట్టాను. మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకి ఆ సంగతి చెప్పదు, "ఫారిన్‌లో రీసెర్చ్" అంటుంది.

ముందు మగవన్నీ ఎందుకలా అన్నది. మన కంట్లో రంగు చూసే శంకు కణాలు మూడు రకాలు. ఒకటి 420 నానోమీటర్ల చుట్టుపక్కల, నీలం వైపు వెలుగుకి బాగా స్పందిస్తుంది. మిగతా రెండూ 530, 560 దగ్గర, పక్కపక్కనే ఉంటాయి. ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియాలంటే ఆ రెండూ కావాలి. ఒకటి ఎంత పలికిందో ఇంకోటి ఎంత పలికిందో మెదడు పోల్చుకుంటేనే ఆ తేడా పుడుతుంది. మనుషుల్లో ఈ రెండింటి జన్యువులూ ఎక్స్ మీద పక్కపక్క ఇళ్లలా ఉంటాయి. మార్మొసెట్‌కి ఎక్స్ మీద అలాంటి ఇల్లు ఒక్కటే. కాకపోతే ఆ ఇంట్లో అద్దెకి దిగగలిగేవాళ్లు ముగ్గురున్నారు: 543, 556, 563 నానోమీటర్ల వాళ్లు.

మగదానికి ఎక్స్ ఒకటే, ఇల్లు ఒకటే, అద్దెకున్నది ఒక్కరే. నీలంతో కలిపి రెండు శంకువులు. ఆడదానికి రెండు ఎక్స్‌లు. రెండిళ్లలో ఇద్దరు వేర్వేరు వాళ్లుంటే నీలంతో కలిపి మూడు శంకువులు. రెండింట్లోనూ ఒకే రకం ఉంటే దాని చూపూ మగవాటిలాగే. ఒక్కో కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటే పనిచేస్తుంది, రెండోది మూతపడుతుంది. అందుకే రెటీనా మీద ఆ రెండు రకాలూ చల్లినట్టు కలిసి ఉంటాయి. ముగ్గురు అద్దెదారులూ సమానంగా ఉన్నారనుకుంటే ఆడవాటిలో మూడింట రెండు వంతులకి ఎరుపు–పచ్చ తేడా తెలుస్తుంది. మార్మొసెట్లకి ఎక్కువగా కవలలే పుడతారు. ఒకే కాన్పులో పుట్టి, ఒకే తండ్రి వీపు మీద తిరిగే అక్కాతమ్ముళ్లకి ఒకే చెట్టు రెండు రకాలుగా కనిపిస్తుందన్నమాట. మీ ఇంటి సాలులో జరిగిందే.

టామరిన్లు, స్క్విరల్ మంకీలు, కపుచిన్లు, ఈ అమెరికా కోతులన్నిటిదీ ఇదే ఏర్పాటు. నానోమీటర్ల అంకెలే కొంచెం అటూఇటూ.

ఇక లాభనష్టాలు. నష్టం తేలిగ్గా ఊహించవచ్చు, దాన్ని పరీక్షించారు కూడా. బ్రెజిల్‌లో ఉండే తెల్లమొహం మార్మొసెట్లకి నారింజ రంగు, పచ్చ రంగు వేసిన తిండి ఉండలు పచ్చటి నేల మీద చల్లి చూశారు. నాన్సీ కెయిన్, నికొలస్ మండీ 2000లో ప్రచురించారు. నారింజ ఉండల్ని మూడు శంకువులవి ఎక్కువగా ఏరుకున్నాయి. పచ్చ ఉండల దగ్గర ఆ ఆధిక్యం లేదు. అంటే మీ అక్క బుట్ట. అయితే అదే జాతి మీద 2010లో ఇంకో ఫలితం వచ్చింది: వెలుగు తక్కువున్నప్పుడు రెండు శంకువులవే మెరుగ్గా తిండి వెతుక్కున్నాయి. దట్టమైన అడవిలో కింద నీడ ఎంత చిక్కగా ఉంటుందో తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు నా నాలుగు నెలలు. కోస్టారికా వాయవ్యాన సాంటా రోసా అనే అడవి. తడి అడవి కాదు, మన నల్లమలలాగే ఆకురాల్చే అడవి. డిసెంబరు నుంచి మే దాకా చినుకు పడదు, చెట్లు మోడులవుతాయి, పసరు అనేది వాగుల వెంట తప్ప కనపడదు. అక్కడ తెల్లమొహం కపుచిన్లని లిండా ఫెడిగన్ అనే శాస్త్రవేత్త 1983 నుంచి గమనించడం మొదలుపెట్టారు. ఏ కోతి ఎవరి బిడ్డో, ఎప్పుడు పుట్టిందో ఏళ్ల తరబడి రాసిపెట్టిన లెక్క ఉంది. పెంటలోంచి డీఎన్ఏ తీసి ఏది ఎన్ని శంకువులదో కూడా తేల్చారు, కోతిని పట్టుకునే పని లేదు. మనకి విత్తనాలు, వాళ్లకి డీఎన్ఏ, పెంట ఒకటే.

తెల్లారకముందే లేచి అవి పడుకున్న చెట్టు కిందికి చేరాలి. లేచిన మరుక్షణం నుంచి వాటి చేతులు ఊరుకోవు. ఎండుకొమ్మ విరిచి లోపల చీమల్ని నాకడం, బెరడు పీకడం, ఆకు తిప్పి చూడటం. మనం పండు కోతి పండు కోతి అంటాం గానీ, ఎండాకాలం చాలా పూటలు దాని బతుకంతా పురుగు మీదే. నేను మెడ నొప్పెట్టేలా పైకి చూస్తూ అనుకునేదాన్ని, ఆ కొమ్మ మీద ఏముందని అంత ఖచ్చితంగా చెయ్యి వేసింది, నాకు బైనాక్యులర్స్‌లో కూడా కనపడలేదే అని. తర్వాత చదివాను. అమాండా మెలిన్, సహచరులు అక్కడే చూసి 2007లో రాశారు. ఆకుల మీదా బెరడు మీదా రంగు కలిపేసుకుని దాక్కునే పురుగుల్ని పట్టడంలో రెండు శంకువుల కపుచిన్లదే పైచేయి. నీడ ఎక్కువున్నచోట ఆ తేడా ఇంకా ఎక్కువ.

కారణం మీరే రాశారు, "ఆకు గీత ఒకచోట తప్పుగా ఉన్నట్టు" అని. ఎరుపు–పచ్చ రంగుల గందరగోళం కంట్లో పడనివాళ్లకి అంచులూ గరుకూ వెలుగునీడలూ స్పష్టంగా దొరుకుతాయి. మనుషుల్లో కూడా ఇది చూశారు. రంగుల మచ్చలు కలగలిపిన బొమ్మలో గీతల వాలు మారిన చోటుని పట్టమంటే రంగు తేడా తెలియనివాళ్లు పట్టారు, మామూలు చూపున్నవాళ్లని ఆ రంగులు మోసం చేశాయి. 1992 నాటి పని అది. కాబట్టి మీ తాత రూపాయలు మీరు న్యాయంగానే సంపాదించారు. (మీ పురుగుల లెక్క ఎవరూ కొలవలేదు కాబట్టి దాన్ని రుజువుగా నేను రాయను. కానీ కొట్టిపారేయను కూడా.)

పండ్ల దగ్గర కూడా కథ ఒక్కటే కాదు. ఎర్రబడే పండ్ల దగ్గర మూడు శంకువులవి గబగబా తింటాయి. 2017లో అదే అడవిలో ఇరవై ఏడు రకాల మొక్కల పండ్ల మీద చూసి చెప్పారు. కానీ మేడి, అత్తి జాతుల్లో కొన్ని పండినా పచ్చగానే ఉంటాయి. వాటి దగ్గర ఏ కన్నూ పనికిరాదు. అప్పుడు ముక్కే దిక్కు. రెండు శంకువుల కోతులు అలాంటి కాయల్ని మరీ ఎక్కువగా వాసన చూస్తాయి. కాయ తెంపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి, నోట్లో వేసుకోవడమో పారేయడమో. అచ్చం సంతలో మామిడిపండు తొడిమ దగ్గర వాసన చూసే పెద్దమనిషిలా ఉండేవి.

ఒక పిడకల వేట: మీ మిరప కూడా ఆ కోతుల ఖండం నుంచే వచ్చింది. పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా గుంటూరుకి కారం అంటే మిరియమే. అడవి మిరప ఎర్రబడేది కోతి కోసమో మనిషి కోసమో కాదు, పిట్ట కోసం. పిట్టకి కారం తెలియదు, గింజ నమలకుండా మింగి దూరంగా వేస్తుంది. మీకు కనపడని ఆ ఎరుపు అసలు మీకు పెట్టిన బోర్డు కాదు.

———

జవాబు: నల్లమల_బైకర్

శీనన్నా, సూపర్ ప్రశ్న. నాదో డౌటు. శ్రీశైలం ఘాట్‌లో టీ తాగుతుంటే ఒక గండు కోతి నా బండి మీద నాలుగు కవర్లు వదిలేసి ఎర్ర చిప్స్ ప్యాకెట్ మాత్రమే లాక్కుపోయింది. మగదే, అనుమానం లేదు. మరి దానికి ఎరుపు తెలీదంటే నేను నమ్మను.

———

కల్లంకాడ_శీను

టీచర్ గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను, మా ఆవిడకి చదివి వినిపించాను. "అయితే ఇకనుంచి కూరగాయలకి నన్నే పంపు, పురుగులు మీరు ఏరండి" అంది. వంకాయలకి నేను వెళ్లాలట.

ఒక మాట అడుగుతా. గుంపులో రెండు రకాల కళ్లూ ఉంటే అందరికీ మంచిదని కోతి ఇలా ఉండిపోయిందా? ఒకరికి పండు, ఒకరికి పురుగు. వినడానికి బాగుంది. నిజమేనా? బైకర్ తమ్ముడి కోతి సంగతి కూడా తేల్చండి.

———

జవాబు: విత్తనాల_టీచర్

బైకర్ బాబూ, నీ కోతిది వేరే గోత్రం. మన దగ్గరున్న కోతులు, కొండముచ్చులు, ఆసియా ఆఫ్రికాల కోతులన్నీ, మనిషితో సహా, పాత ప్రపంచపు వంశం. అమెరికా కోతుల వంశం మన నుంచి సుమారు 4 కోట్ల ఏళ్ల కిందట విడిపోయింది. ఆ తర్వాత మన వైపు ఎక్స్ మీది ఆ ఒక్క జన్యువు రెండయింది. ఒక ఇల్లు రెండిళ్లయి, ఇద్దరూ స్థిరపడ్డారు. దాంతో మగా ఆడా అందరికీ మూడు శంకువులే. గోదావరికి పైన ఉండే రీసస్ అయినా, కిందనుండే బానెట్ కోతి అయినా అంతే. (ఆ హద్దు ఇప్పుడు చెరిగిపోతోంది, రీసస్‌లు కిందికి దిగుతున్నాయి.) వాటిలో శీను గారిలాంటి మగవి చాలా చాలా అరుదు, ఇండొనేషియాలో ఒకచోట వందల్ని వెతికితే మూడు దొరికాయి. ఉత్తర యూరప్ మగవాళ్లలో మాత్రం నూటికి ఎనిమిది మందికి ఇది ఉంటుంది. కాబట్టి నీ గండు కోతికి ఎరుపు తెలుసు. చిప్స్ కూడా తెలుసు.

ఈ మూడో శంకువు మన వైపు ఎందుకు నిలిచిందన్నదాని మీద పండ్లతో పాటు చిగుళ్ల వాదన కూడా ఉంది. చింతచిగురు కోసేవాళ్లకి చెప్పక్కర్లేదు, మామిడి చిగురైనా అంతే, లేతది రాగిరంగులో ఉంటుంది. మాంసకృత్తులు ఎక్కువ, నార తక్కువ. పండ్లు లేని రోజుల్లో అదే తిండి. అమెరికాలో హౌలర్ అనే కోతి ఉంది, ఆకులు బాగా తినే జాతి. మిగతా అమెరికా కోతులన్నిటికీ భిన్నంగా దానికి కూడా ఆ జన్యువు విడిగా రెండయింది, మగవాటికీ మూడు శంకువులే. 1996లో బయటపడింది. ఇద్దరు మనుషులు వేర్వేరు ఊళ్లలో ఒకే ఉపాయం కనిపెట్టినట్టు.

ఇంకో చివర రాత్రి తిరిగే ఔల్ మంకీ ఉంది. దానికి నీలం శంకువు జన్యువు పాడైపోయింది, రంగులే లేవు. చీకట్లో రంగుతో పనేముంది. మన చిత్తూరు వైపు కొండల్లో ఉండే దేవాంగపిల్లిది కూడా అదే కథ, అదీ రాత్రి మనిషే.

మీ ప్రశ్నకి వస్తా శీను గారూ. "గుంపులో రెండు కళ్లు" అన్న మాట నాకూ ఇష్టమే. కానీ పరిణామం గుంపు బాగు కోసం పథకం వేయదు, ఏ కోతి ఎక్కువ పిల్లల్ని పెంచిందన్నదే లెక్క. మూడు శంకువుల తల్లులకి ఎక్కువ పిల్లలు బతుకుతారేమో, అందుకే ఆ ముగ్గురు అద్దెదారులూ మిగిలారేమో అన్నది ఎక్కువమంది అనుకున్న మాట. సాంటా రోసా తల్లుల లెక్కలన్నీ తీసి 2014లో చూస్తే తేడా కనపడలేదు. ఎన్ని కన్నారు, ఎన్ని బతికాయి, రెండు రకాల తల్లులూ సమానమే. నాకైతే అందరికంటే నచ్చిన ఫలితం అదే. ఒక పూట పండులో ఓడినది ఇంకో పూట పురుగులో గెలుస్తుంది, ఏడాది తిరిగేసరికి చెల్లుకి చెల్లు. ఆ ముగ్గురూ చాలా జాతుల్లో కోటి ఏళ్లకి పైగా ఖాళీ చేయకుండా ఉన్నారంటే ఏదో ఒక బేరం నడుస్తూనే ఉందన్నమాట. ఆ బేరంలో పండు వాటా ఎంత, పురుగు వాటా ఎంత, నీడ వాటా ఎంత అన్నదే ఇప్పటి తగాదా.

శత్రువు సంగతి కూడా మరవకూడదు. పులి మనకి నారింజ రంగులో భగ్గుమంటుంది గానీ, రెండు శంకువుల దుప్పికి అది ఎండుగడ్డిలో గడ్డి. నల్లమలలో దుప్పులు కొండముచ్చుల చెట్టు కింద మేస్తాయి కదా. పైనున్నవాడికి ఎత్తూ ఉంది, మూడో శంకువూ ఉంది.

చివరగా, "లోపం ఎలా అయింది" అన్నారు. 2009లో అమెరికాలో రెండు మగ స్క్విరల్ మంకీలకి, డాల్టన్, శామ్ అని పేర్లు, కంటి వెనక పొరలోకి మనిషి ఆప్సిన్ (శంకువులో వెలుగుని పట్టే పదార్థం) జన్యువుని ఒక వైరస్ మీద ఎక్కించి పంపారు. ఇరవై వారాల దాకా ఏమీ లేదు. ఆ తర్వాత బొమ్మలో ఎరుపు–పచ్చ మచ్చల్ని వేలితో చూపించడం మొదలుపెట్టాయి. పుట్టినప్పటి నుంచీ లేని చూపు పెద్దయ్యాక వచ్చింది! డాల్టన్ అన్న పేరు 1794లో తన సొంత రంగుచూపు మీద వ్యాసం చదివిన రసాయన శాస్త్రవేత్తది. ఆయన కోరిక మీద ఆయన కన్ను దాచిపెట్టారు, ఆయన పోయిన నూట యాభై ఏళ్ల తర్వాత, 1995లో, దాని డీఎన్ఏ చూసి కారణం తేల్చారు. ఇలాంటి వైద్యం రేపు మనుషులకి వచ్చినా, పురుగు ఏరే పని పోతుందేమో ఆలోచించుకుని వెళ్లండి.

———

కల్లంకాడ_శీను

అద్దాలకొట్టు గారు "అమ్మ వైపు నుంచి" అన్నారు కదా అని నిన్న అమ్మకి ఫోన్ చేశాను. పురుగుకి రూపాయి ఇచ్చిన తాత అమ్మ వాళ్ల నాన్నే, మాతోనే ఉండేవాడు. తాతకి రంగులు తెలిసేవా అని అడిగితే మొదట నవ్వింది. "మీ తాతకి తెలియనిదేంటిరా, కల్లంలో ఏ బస్తా ఎంత ధర పలుకుతుందో ముందే చెప్పేవాడు" అంది. ఎలా చెప్పేవాడు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "కాయ చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాడు, గింజ గలగలమంటే ఎండిందనేవాడు. విరిచి వాసన చూసేవాడు. తాలు కాయలు ఆయనే ఏరేవాడు, అవి తెల్లగా ఉంటాయి కదా. రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమ్మని పిలిచేవాడు, 'నువ్వు చూడవే' అని. మేమంతా ఆవిడంటే అంత ప్రేమనుకునేవాళ్లం" అంది.

విరిచి వాసన చూసేవాడు అనగానే నాకు టీచర్ గారి మేడికాయ కోతి గుర్తొచ్చింది. అమ్మకి మాత్రం ఆ మాట చెప్పలేదు. ఆయన పోయి పదకొండేళ్లు. తండ్రిని కోతితో పోలిస్తే ఈసారి మొట్టికాయతో ఆగదు.

ఇంకొకటి. మా అక్క కొడుకు రెండో తరగతి. రామచిలక బొమ్మకి గోధుమరంగు వేసి క్లాసులో తిట్లు తిన్నాడని పోయిన నెల అక్క నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. సగం అవకాశం అన్నది చదివాక ఆ నవ్వు గుర్తొస్తే ఎలాగో ఉంది. ఇప్పుడు తోటలో రెండో కోత నడుస్తోంది. ఆదివారం వాణ్ణి తీసుకెళ్లి సాలులో నా పక్కన నిలబెడతా. చేతిలో బుట్ట పెట్టను, పురుగుల డబ్బా పెడతా. పదికి రూపాయి అంటే ఈ కాలం పిల్లలు ఒప్పుకోరు, పదికి పది ఇవ్వాలేమో.